బాబాయి సైకిలు సంచులు

నా చిన్నప్పుడు మా బాబాయి సైకిలెక్కి ఊరు దాటుతున్నాడంటే, మా నాయనమ్మ వీధి గుమ్మంలో నిలబడి అతను కనుమరుగయ్యేదాకా లోపలికి వచ్చేది కాదు. ఇదే ఆఖరి చూపేమో అన్నట్టు చూసేది. బాబాయి పక్క ఊరి బడిలో డ్రాయింగు మాస్టారు. సెలవులిస్తే చాలు, కోటప్పకొండ అనీ, నాగార్జునసాగర్ అనీ సైకిలు మీద వెళ్లిపోయేవాడు. ఒకసారైతే శ్రీశైలం దాకా వెళ్లి పదకొండో రోజున తిరిగొచ్చాడు.

ఇప్పుడు హైవే మీద హెల్మెట్లు పెట్టుకుని, సైకిళ్లకు సన్నటి సంచులు తగిలించుకుని పోయే కుర్రాళ్లు కనిపిస్తుంటారు. అలాంటివి బాబాయి ఆ రోజుల్లోనే చేత్తో కుట్టుకున్నాడు. యూరియా బస్తాలు ఉతికి ఆరబెట్టి, పైన చిరిగిన గొడుగు గుడ్డ వేసి, మైనం రాసిన దారంతో కుట్టేవాడు. క్యారియర్‌కి అటొకటి, ఇటొకటి. సైకిలు కడ్డీల మధ్య ఖాళీలో సరిగ్గా ఇమిడేలా మూడు మూలల సంచి ఇంకొకటి. మిరపకాయలు తూచే కాటా మీద వాటిని తూచేవాడు. ఒకవైపు ఏ కాస్త మొగ్గినా చెంచా కాడ కూడా కోసి పారేసేవాడు. అన్నిటినీ జారుముడులతోనే కట్టేవాడు. కొస పట్టి లాగితే చాలు, సంచి ఊడి చేతికొచ్చేది. ఎందుకలా అని అడిగితే, "పడిపోయేటప్పుడు ముందు బరువు వదిలించుకోవాలమ్మడూ. లేకపోతే అది మనల్ని వదలదు" అన్నాడు.

నాకు పదేళ్లప్పుడు, దసరా సెలవుల్లో, వేటపాలెంలో ఉన్న మా మేనత్త ఇంటికి నన్ను సైకిలు మీద తీసుకెళ్తానన్నాడు. మిగిలిన గుడ్డ ముక్కలు అడిగి తీసుకుని, వారం రోజులు కూర్చుని నేనూ ఒక సంచి కుట్టాను. వేళ్లన్నీ సూది పోట్లే. బాబాయి దాన్ని రెండు చేతులతో పట్టి గట్టిగా లాగి చూసి, తల ఊపాడు. ఆయన అలా తల ఊపడం కంటే పెద్ద మెప్పు నాకు ఈ రోజుకీ తెలియదు.

బయలుదేరే రోజు పొద్దున ఆకాశం బూడిద పూసినట్టు ఉంది. గాలి లేదు. పత్తిచేలల్లో ఒక్క ఆకూ కదలడం లేదు. సముద్రం వైపు నుంచి కొంగలు గుంపులు గుంపులుగా మా ఊరి మీదుగా లోపలికి పోతున్నాయి. రేడియోలో వాయుగుండం అని చెప్పారట. "ఇవాళ మానేసి రేపు వెళ్లకూడదంట్రా?" అంది నాయనమ్మ. బాబాయి తలెత్తి ఆకాశంకేసి చూశాడు. ఆ తర్వాత, సంచి పట్టుకుని నిలబడ్డ నా మొహం చూశాడు. "మధ్యాహ్నానికల్లా చేరిపోతాంలేమ్మా" అన్నాడు. ఇన్నేళ్లలో ఆ చూపు గురించి ఎన్నిసార్లు అనుకున్నానో.

తన సంచులు తను కట్టుకుని, నాది నన్నే కట్టుకోమన్నాడు. జారుముడి వేశాను. లాగి చూస్తే ఊడిపోయింది. గతుకుల్లో నా సంచి జారి రోడ్డు మీద పడితే నవ్వుతాడని భయమేసింది. దాన్ని నా వెనకాల క్యారియర్ చివర పెట్టి, మూడు పీటముడులు వేసి బిగించాను. అదీ చాలదన్నట్టు పొడుగాటి పట్టీని నా నడుముకు చుట్టుకుని, కొసకు కూడా పీటముడి వేశాను. బాబాయి వెనక్కి తిరక్కుండానే అడిగాడు, "జారుముడేనా?" అని.

"ఆ" అన్నాను.

మా ఊరి వాగు మీది చప్టా పొడిగానే దాటాం. నీళ్లు ఇంకా కిందే పారుతున్నాయి. ఇంకో గంట పోయాక రెండో వాగు వచ్చింది. అక్కడ చప్టా కనిపించలేదు. ఎర్రటి నీళ్ల మీద జొన్నదంట్లు, విరిగిన కంపలు, పొట్ట ఉబ్బిన ఒక మేక కొట్టుకుపోతున్నాయి. పైన ఎక్కడో కుండపోతగా కురిసి ఉంటుంది. బాబాయి మారుమాట లేకుండా సైకిలు వెనక్కి తిప్పాడు. సగం దారిలో వాన అందుకుంది. మళ్లీ మా ఊరి వాగు దగ్గరికి వచ్చేసరికి ఆ చప్టా కూడా మునిగిపోయింది.

బాబాయి నీటి అంచున ఒక పుల్ల గుచ్చాడు. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. చూస్తుండగానే పుల్ల మునిగిపోయింది. వెనక నీళ్లు, ముందు నీళ్లు. రెండు వైపులా కాలు పెడితే మోకాలిదాకా దిగబడే నల్లరేగడి. ఎక్కడా నరపురుగన్నది లేదు.

"ఆగితే ఇంకా పెరుగుద్ది. నువ్వు దిగొద్దు, అలాగే కూర్చో. నేను రా అన్నానంటే చేతులు చాచి నా మీదికి వచ్చెయ్" అన్నాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. నడుముకు కట్టుకున్నానని ఒక్క మాట చాలు. అబద్ధం బయటపడుతుందన్న భయం నీళ్ల భయం కంటే ఎక్కువైంది.

సైకిలు నెట్టుకుంటూ నీళ్లలోకి దిగాడు. సగం దూరం పోయేసరికి ముందు చక్రం చప్టా విరిగినచోట దిగబడి, సైకిలు పక్కకు ఒరిగింది. బాబాయి రెండు కొసలు లాగాడు. ఆయన సంచులు ఊడి, రెండు బాతుల్లా తేలుతూ వెళ్లిపోయాయి. "రా!" అని అరిచి నన్ను పట్టి లాగాడు. నేను రాలేదు. మళ్లీ లాగాడు. అప్పుడు నా నడుము వైపు చూశాడు. ఆయన మొహంలో కోపం రాలేదు. రక్తమంతా దిగిపోయి తెల్లగా అయింది. పెద్దవాళ్లు కూడా భయపడతారని నాకు ఆ క్షణందాకా తెలియదు.

చాకు కొట్టుకుపోయిన సంచిలో ఉంది. ఎడమచేత్తో సైకిలు చట్రాన్ని పట్టుకుని, దాన్ని ఒంటితో అడ్డుకుంటూ, తల నీళ్లలో ముంచి నా నడుము దగ్గరి ముడిని పళ్లతో కొరికాడు. పైకి లేచి ఊపిరి పీల్చుకుని మళ్లీ మునిగాడు. ఎన్నిసార్లో నాకు గుర్తులేదు. సైకిలు ఒక్కసారి గిర్రున తిరగడం, ఆయన చెయ్యి దానికీ రాతికీ మధ్య నలిగిపోవడం, ఆ అరుపు మాత్రం గుర్తున్నాయి. ముడి తెగింది. మిగిలిన చేత్తో నన్ను ఎత్తుకుని ఒడ్డుకు తెచ్చాడు. వెనక్కి చూస్తే నీళ్లు తప్ప సైకిలు లేదు.

ఇంట్లో నాన్న ముందు నిలబడ్డాం. బాబాయి చేతికి చుట్టిన తువ్వాలు రక్తంతో తడిసి ఉంది. సంగతంతా విని నాన్న అడిగింది ఒక్కటే.

"పిల్లని సైకిలుకి కట్టింది ఎవడ్రా?"

నేను నోరు తెరిచాను. బాబాయి నా వైపు చూడకుండా, "నేనే అన్నయ్యా. పడిపోద్దని కట్టా. ముడి బిగుసుకుపోయింది" అన్నాడు.

"నీకసలు బుద్ధుందంట్రా? దాన్ని చంపుకొచ్చేవాడివి కదరా!" అని నాన్న చెంప మీద కొట్టాడు. ముప్పై ఏళ్ల మనిషి, పదిమందికి పాఠం చెప్పే మనిషి, తల వంచుకుని నిలబడ్డాడు. నేను తెరిచిన నోరు మూసేసుకున్నాను.

ఆ ఎడమచేతి మూడు వేళ్లు మళ్లీ తిన్నగా కాలేదు. గుడ్డ పట్టి కుట్టడం కుదరలేదు. కొత్త సైకిలు కొన్నాడు గానీ బడికీ ఇంటికీ తప్ప ఎక్కడికీ పోలేదు. నాన్న అవసరానికి తప్ప తమ్ముడితో మాట్లాడేవాడు కాదు. పండక్కి ఒకే పంక్తిలో కూర్చుని ఇద్దరూ చెరోవైపు చూస్తూ తినేవారు. వాళ్ల మధ్య వడ్డిస్తూ తిరిగినదాన్ని నేనే.

నాకు పెళ్లై పిల్లలు పుట్టాక, ఒకనాడు బాబాయి దగ్గర కూర్చుని ఏడ్చాను. ఎందుకు నా మీద చెప్పలేదని అడిగాను. ఆయన తన వంకర వేళ్లకేసి చూసుకున్నాడు. "ఆ పొద్దున ఆకాశం చూసి కూడా బయల్దేరింది నేనేగా. పదేళ్ల పిల్లవి, నువ్వెలా మోస్తావు ఇది?" అన్నాడు. తర్వాత నవ్వి, "అంత వరదలోనూ నీ కుట్టు ఊడలేదమ్మడూ" అన్నాడు.

ఇప్పుడు నాన్న లేరు, బాబాయీ లేరు. ఎవరైనా నన్ను "సరిగ్గా చేశావా?" అని అడిగితే వెంటనే "ఆ" అనలేను. లేచి వెళ్లి చూసి వచ్చి చెబుతాను. మా పిల్లలు దాన్ని చాదస్తం అంటారు. నిజం చెప్పడం అంత కష్టం కాదనీ, అది చెప్పాల్సిన మనిషి బతికి ఉండగా చెప్పడమే కష్టమనీ వాళ్లకెలా చెప్పను? నాన్నకు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. బాబాయి కట్టలేదు నాన్నా, నేనే కట్టుకున్నాను.