కాలు ఊపిన మెదడు

కరోనా సద్దుమణిగిన ఏడాది, వానలు మొదలయ్యే వేళ, కరీంనగర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఈఈజీ టెక్నీషియన్‌గా చేరాను. తలకు తీగలు అంటించి మెదడులోని విద్యుత్తును రికార్డు చేయడం నా పని. అది ఒక పరిశోధన ప్రాజెక్టు కింద ఇచ్చిన పోస్టు. ప్రాజెక్టు ముగియగానే, ముప్పై నిండకుండానే పదవీ విరమణ పొందాను. శాలువా మాత్రం ఎవరూ కప్పలేదు.

ప్రాజెక్టు వేవ్‌లెట్ల మీద. వేవ్‌లెట్ అంటే చిన్న అల ముక్క. దాన్ని సాగదీస్తూ, కుదిస్తూ రికార్డు పొడవునా జరుపుకుంటూ పోతే, ఏ క్షణంలో ఏ వేగపు అల ఎంత బలంగా ఉందో కంప్యూటరు రంగుల పటం గీసిస్తుంది. బలమున్న చోట ఎరుపు. మూర్ఛ వస్తే ఆ ఎర్ర చార సాధారణంగా వేగం తగ్గుతూ కిందికి వంగుతుంది. అలాంటి చార కోసం మా న్యూరాలజిస్టు సారు తెర ముందు పెళ్లిచూపులకు వచ్చినంత ఆశగా కూర్చునేవారు.

రాజేశం ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుల నుంచి పత్తి లారీ నడిపేవాడు. ఒకసారి మిల్లు ఆవరణలోనే కళ్లు తిరిగి పడిపోయాడు. లారీ ఓనరు తాళంచెవి లాక్కుని, ఫిట్స్ కాదని డాక్టరు చెబితేనే ఇస్తానన్నాడు. హుజూరాబాద్ నుంచి తల్లి లచ్చవ్వను వెంటబెట్టుకొచ్చాడు. "జర మంచిగ రాయిర్రి సారూ, నాకు స్టీరింగు తప్ప ఇంకోటి రాదు" అన్నాడు. రాసేది నేను కాదు, మిషను అన్నాను. మిషనుకే దండం పెట్టాడు.

ఏసీ చలికి దుప్పటి కప్పి రికార్డింగు మొదలుపెట్టాను. కాసేపటికి తల వెనక తీగల్లో ఒక లయ లేచింది. పటంలో ఎర్ర చార. సారు కుర్చీ అంచుకు జరిగారు. అంతలో లచ్చవ్వ తలుపు తోసుకొచ్చి, కొడుకు దుప్పటి మీద ఒక్కటేసి, ఏదో గొణిగి వెళ్లిపోయింది. గదిలో ఏం జరిగినా గుర్తు పెట్టడం మా నియమం కాబట్టి మార్కరు వేశాను. చార సరిగ్గా ఆ మార్కరు దగ్గరే తెగిపోయింది.

తల్లి స్పర్శతో ఆగిన మూర్ఛ! సారు అప్పటికే పరిశోధన పత్రానికి పేరు వెతుకుతున్నారు. నేను బయటికెళ్లి ఏమన్నావని లచ్చవ్వను అడిగాను.

"ఏమంట బిడ్డా? కాల్లు ఊపకురా, ఇంట్ల లచ్చిమి నిలువది అన్న. చిన్నప్పటిసంది గదే రోగం వానికి."

పటం మళ్లీ చూశాం. చార ఎక్కడా వంగలేదు, రైలు పట్టాలా తిన్నగా ఉంది. కాలు ఊగితే మంచం, మంచంతో దిండు, దిండుతో తల, తలతో తీగలు. కావాలని కాలు ఊపమన్నాం, చార వచ్చింది. ఆపమన్నాం, పోయింది. పత్రం కూడా పోయింది.

ఒక్క ఈఈజీ బాగున్నంత మాత్రాన మూర్ఛ లేదని చెప్పలేం. అందుకే సారు నిద్రలోనూ రికార్డు చేయించారు, కాళ్ల దగ్గర లచ్చవ్వను కాపలా పెట్టి. అదీ శుభ్రంగా వచ్చింది. పడిపోయిన రోజు చూసిన మిల్లువాళ్లతో ఫోనులో మాట్లాడి, తిండి లేకుండా ఎండలో నిలబడినందుకు సొమ్మసిల్లాడని తేల్చారు. రాజేశానికి తాళంచెవి దొరికింది.

ఆ తర్వాత ఎవరి తల పరీక్షించినా ముందు దుప్పటి తీసి కాళ్లు చూసేవాణ్ని.