మడమ దగ్గర చిల్లు

మా ఇంట్లో ఊలు మేజోళ్ళు ఉండేవంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. విజయనగరంలో పుష్యమాసంలో కూడా ఒక దుప్పటి కప్పుకుంటే చలి ఆగిపోతుంది. అలాంటి ఊళ్ళో కూర్చుని మా అమ్మ నాలుగు సూదులతో మేజోళ్ళు అల్లేది, చిల్లులు పడితే పూడ్చేది. అవి నాన్న కోసం. కొత్తవలస నుంచి కొండల మీదికి కొత్తగా వేసిన రైలుమార్గంలో నాన్న కీమేన్‌గా పనిచేసేవాడు. వారమంతా అక్కడే ఉండి, సెలవు రోజున ఇంటికి వచ్చేవాడు. రోజూ తన వంతు పట్టాల వెంట నడిచి వెళ్ళాలి, పట్టాలని పట్టి ఉంచే ఇనప కీలు వదులైతే సుత్తితో కొట్టి బిగించాలి, మళ్ళీ నడిచి రావాలి. చలికాలంలో పొద్దున్నే అక్కడ ఎదుటి మనిషి కనిపించనంత పొగమంచు. బూట్లు గట్టివి. లోపల మేజోళ్ళు లేకపోతే కాళ్ళను కొరికేసేవి.

అప్పటికే నాకు డైరీ రాసే అలవాటుంది. ఉపాధ్యాయ శిక్షణ చదువుతున్న రోజులవి. ఆ డైరీలు ఇప్పుడు తీసి చూస్తే వాన పడిందీ లేనిదీ, ఏం కూర వండిందీ, నేను ఏ పాఠం చెప్పి మెప్పు పొందిందీ అన్నీ వరసగా ఉన్నాయి. నాన్న గురించి మాత్రం ‘కాలు కొంచెం బాగులేదు’ అన్న మాట తప్ప మరేమీ లేదు. ఆ జబ్బు పేరు నోటితో అనడానికే జంకే ఇంట్లో దాన్ని కాగితం మీద పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? అందుకని ఇదంతా జ్ఞాపకం మీద రాస్తున్నాను.

అమ్మకి ఈ అల్లిక వచ్చింది చైనా యుద్ధం రోజుల్లో. జవాన్లకి మేజోళ్ళు అల్లాలని మహిళా మండలి వాళ్ళు ఆకుపచ్చ ఊలు ఉండలు తెచ్చి, పేటలో ఆడవాళ్ళని కూర్చోబెట్టి నేర్పారు. అమ్మ పల్లెలో పుట్టింది. గోగునార ఒలిచిన చేతులు, గింజల కాలంలో గోనెసంచులు కుట్టిన చేతులు. ఊలు ఆమెకి మొదట్లో చేతిలో నిలిచేది కాదు. యుద్ధం అయిపోయి చాలామంది సూదులు పక్కన పడేశారు కానీ, అమ్మ మిగిలిన ఊలు అడిగి తెచ్చుకుని, నాన్నకి కొండ మీద ఉద్యోగం రాగానే రెండు జతలు అల్లింది.

మేజోడుకి చిల్లు పడితే దానిలో చిన్న ఇత్తడి చెంబు దూర్చి, చిల్లు చెంబు అడుగు మీదికి వచ్చేలా లాగి పట్టుకునేది. ముందు నిలువుగా పోగులు, ఆ తరువాత అడ్డంగా ఒక పోగు పైనుంచి, ఒక పోగు కిందనుంచి. అచ్చం నేత నేసినట్టే. అంచులు దగ్గరకి లాగి కుట్టేస్తే చిల్లు మూతపడుతుంది కానీ అక్కడ గట్టు కడుతుంది. ఆ గట్టు మీద రోజంతా నడవడం కుదరదు. ముడి అసలే పనికిరాదని మహిళా మండలిలో నేర్పిన ఆవిడ మరీ మరీ చెప్పింది. అమ్మకి అదే కష్టం. మా వైపు ఏ ఆడమనిషి సూది పట్టినా ముందు దారం కొసని వేలికి చుట్టి ముడి దూస్తుంది. గోనెసంచికి ముడి లేకపోతే కుట్టు నిలవదు మరి. అమ్మ చెయ్యి కూడా దానంతటదే ముడి వేసేది. మళ్ళీ విప్పుకునేది.

ఎప్పుడూ ఎడమ మేజోడే ముందు చిరిగేది, అదీ మడమ దగ్గర. అమ్మకి నాన్న సొంత మేనమామ. పెళ్ళయ్యాక కూడా ‘మావా’ అనే పిలిచేది.

“ఎడంకాలితో ఏటి సేస్తన్నావు మావా, పట్టాలు తంతన్నావా?” అని అడిగేది.

“కొండెక్కేటప్పుడు ఆ కాలే ముందుంటాది. పెద్దకోడలు లాగ సాకిరీ అంతా దానిదే,” అనేవాడు నాన్న.

ఒక చలికాలంలో ఆకుపచ్చ ఊలు అయిపోయింది. అమ్మ పాత మఫ్లరు ఒకటి విప్పి, ఆ పోగులతో మడమ పూడ్చింది. అవి చిన్నచిన్న ముక్కలు. అతికి అతికి వేయాలి. నాన్న బండికి వెళ్ళే పొద్దున్న, ఒకపక్క అన్నం ఉడుకుతుండగా తొందరలో ముగించి ఇచ్చింది. నాన్న తొడుక్కుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం చేటలో బియ్యం ఏరుతూ అమ్మ హఠాత్తుగా చెయ్యి ఆపేసింది.

“ఒలే, మడం కాడ ముడి ఇప్పకుండా ఒగ్గీసినాను.”

“గుచ్చుకుంటే నాన్నే తెంపుకుంటాడులే,” అన్నాను.

“చిన్న ముడి కాదే, సెనగ్గింజంత ఉన్నాది. బొబ్బలెక్కిపోతాది. ఏటని తిట్టుకుంటన్నాడో.”

ఆ వారమంతా అదే మాట. అన్నం తింటూ అదే, బావి దగ్గర అదే. చివరికి పక్కింటావిడ “నీ మొగుడు నడిసేది పట్టాల మీదా, నీ ముడి మీదా?” అని నవ్వింది కూడా.

సెలవు రోజున నాన్న గూడ్సులో గార్డు డబ్బా ఎక్కి కొత్తవలస దాకా, అక్కణ్ణుంచి పాసింజరులో ఇంటికి వచ్చాడు. కుంటడం లేదు. హుషారుగానే ఉన్నాడు. మా ఇంట్లో బయటినుంచి వచ్చినవాళ్ళు గడప దగ్గర కాళ్ళు కడుక్కోనిదే లోపలికి రారు. అమ్మ గోరువెచ్చని నీళ్ళు తెచ్చి నిలబడింది.

“ముడి గుచ్చుకోలేదేటి?”

“ఏ ముడి?” అన్నాడు నాన్న, బూట్లు విప్పుతూ. పట్టాల మీదికి ఎలుగుబంటి వచ్చిన సంగతి ఏదో చెప్పడం మొదలుపెట్టాడు.

ఎడమ మేజోడు ఊడి రాలేదు. మడమకి అంటుకుపోయింది. అమ్మ నీళ్ళు పోసి నానబెట్టి, మెల్లగా ఒలిచింది. ముడి ఉన్నచోట వేలు పట్టేంత గుంట పడి ఉంది. లోపల ఎర్రగా, అంచు తెల్లగా నానిపోయి ఉంది. నాన్న ఇంకా ఎలుగుబంటి దగ్గరే ఉన్నాడు.

“నొప్పెట్టలేదేటి?”

“నాకేటి తెలీలేదే. బండబారిపోనాది కాలు. నడిసి నడిసి,” అన్నాడు. ఆ మాటలో కొంచెం గర్వం కూడా ఉంది.

అమ్మ లేచింది. లోపలికి వెళ్ళి, మేజోళ్ళు పూడ్చే పెద్ద సూది తెచ్చింది. “కళ్ళు మూసుకో మావా,” అంది. నాన్న నవ్వుతూ మూసుకున్నాడు. అమ్మ సూది మొన కుడి పాదం మీద ఆనించింది. “అబ్బ, మెల్లగా,” అన్నాడు. తరువాత ఎడమ పాదం మీద, పుండుకి దూరంగా, చర్మం కొంచెం పాలిపోయిన చోట ఆనించి, మరికాస్త నొక్కింది.

“ఊఁ, కానీ. పెట్టవేటి?” అన్నాడు నాన్న, కళ్ళు మూసుకునే.

ఇంకా ఏమీ తగలకపోయేసరికి కళ్ళు తెరిచాడు. సూది పాదం మీద నిలబడి ఉంది. దాని మొన దగ్గర చిన్న రక్తపు బొట్టు. ముగ్గురం దానివైపే చూశాం. అదేమిటో మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. బస్టాండు గోడ నీడలో కాళ్ళకి గుడ్డలు చుట్టుకుని కూర్చునేవాళ్ళని రోజూ చూసేవాళ్ళమే. మా వైపు దాన్ని పెద్దరోగం అంటారు.

ఊరి బయట ఆ జబ్బుకి ఆస్పత్రి ఉంది. అక్కడ మందు ఇస్తారనీ తెలుసు. అమ్మ ఆ రోజే వెళ్దామంది.

“ఆ గేటు కాడ ఒకపాలి దిగితే ఉద్యోగం పోయినట్టే. ఎవడో ఒకడు సూడకుండా ఉంటాడా?” అన్నాడు నాన్న.

“కాలు పోయినాక ఉద్యోగం ఏటి సేసుకుంటావు?”

“కాలు నడుస్తన్నాది కదే. నడిసినన్నాళ్ళు నడవనీ.”

పట్టాల వెంట నడవడమే నాన్న ఉద్యోగం. ఆ కాలుని ఆపి కూర్చోబెడితే ఇంట్లోకి బియ్యం రావు. ఆపకపోతే కాలు దక్కదు. ఈ రెండింటి మధ్య ఆ చలికాలం గడిచింది. అమ్మ మేజోడు మడమ లోపల పాత చీర ముక్క మెత్తగా మడిచి వేసేది. అల్లిన చోట వేలితో తడిమి తడిమి చూసేది. నాన్న వచ్చిన ప్రతిసారీ ఆ గుడ్డ మీద మరక మాత్రం కొంచెం పెద్దదిగానే కనిపించేది. అమ్మ దాన్ని వేరే గిన్నెలో నానబెట్టి, ఎవరికీ కనిపించకుండా పెరటి గోడకి ఇవతల ఆరవేసేది. చాకలికి మేజోళ్ళు వేయడం మానేసింది.

ఎండలు ముదిరాక ఒక మిట్టమధ్యాహ్నం, వీధిలో జనం లేని సమయం చూసి, రిక్షా మాట్లాడి అమ్మ నాన్నని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. నేనూ వెళ్ళాను. డాక్టరు పెద్దాయన. నాన్న పాదాన్ని ఒడిలో పెట్టుకుని ఉత్త చేతులతోనే అటూ ఇటూ తిప్పి చూశాడు. అమ్మ ఆయన చేతులకేసి చూస్తూ ఉండిపోయింది. కొన్నేళ్ళు మాత్రలు మింగితే జబ్బు ఆగిపోతుందన్నాడు. పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాదన్నాడు. పుండు మానాలంటే ఆ కాలు కింద పెట్టకూడదన్నాడు. ముడి సంగతి ఆయన అడక్కుండానే అమ్మ చెప్పుకుంది.

“ఆ ముడే లేకపోతే మీకు ఇది ఇంకా ఎన్నాళ్ళకి తెలిసేదో అమ్మా,” అన్నాడాయన.

అది ఊరట కోసం అన్న మాట. అమ్మకి అలా వినిపించలేదు. పుండు తన ముడివల్లే పడిందన్నది ఒక్కటే ఆమెకి పట్టుకుంది. బతికినన్నాళ్ళూ అలాగే అనుకుంది. నేను ఎన్నిసార్లు చెప్పినా, “నువ్వు సదూకున్నదానివి, అలాగే సెప్తావు,” అనేది.

నాన్న మాత్రలు మింగాడు. నడక మానలేదు. మడమ మీద బరువు వేయవద్దన్నారని మునివేళ్ళ మీద నడిచేవాడు. మడమ కొంచెం ఆరింది కానీ, వానలు పడేసరికి వేళ్ళ కింద ఇంకో పుండు లేచింది. అది ఎముకదాకా వెళ్ళింది. కాలు వాచి బూటు ఎక్కకపోతే, పైవాళ్ళు రైల్వే డాక్టరుకి చూపించుకోమన్నారు. చూపించుకుంటే జబ్బు పేరు కాగితం మీదికి వస్తుంది. నాన్న చూపించుకోలేదు. కొండ చలి ఒంటికి పడడం లేదని, ఉద్యోగం వదులుకుంటున్నానని నాచేత రాయించి, సంతకం పెట్టి ఇచ్చేశాడు. ఆ తరువాతే ఆస్పత్రిలో ఎడమకాలి వేళ్ళన్నీ తీసేశారు.

ఇంటికి వచ్చాక వీధి అరుగు మీద కూర్చునేవాడు. కట్టు కనిపించకుండా ఎండాకాలం కూడా మేజోళ్ళు తొడుక్కునేవాడు. పక్కింటావిడ ఊరుకునేది కాదు.

“ఏటి అన్నయ్యా, ఈ ఎండలో మేజోళ్ళు? దొరబాబులాగ?”

“కొండ సలి ఇంకా దిగలేదమ్మా,” అనేవాడు.

ఎడమ మేజోడు కొన ఖాళీగా ఉండి, నాన్న లేచినప్పుడల్లా పాదం కిందకి మడతపడేది. ఒకసారి తూలి గోడ పట్టుకున్నాడు. అమ్మ ఆ ఖాళీలో గుడ్డ కూరింది. గుడ్డ ఉండకట్టి పాదాన్ని ఒరిసి మళ్ళీ ఎర్రచేసింది. దాంతో అమ్మ ఆ జతని పూర్తిగా విప్పేసి, బాగున్న పోగులు వేరుచేసి, ఉండ చుట్టుకుని మళ్ళీ మొదటినుంచి అల్లింది. అల్లుతూ మధ్యమధ్య నాన్న పాదం దగ్గర కూర్చుని జానతో కొలుచుకునేది. నాన్న వీధిలోకి చూస్తూ ఉండేవాడు.

పూర్తయ్యాక రెండూ తెచ్చి ఒళ్ళో పెట్టింది. నాన్న వాటిని పక్కపక్కన పరిచి చూశాడు.

“ఎడందానికి ఊలు సాల్లేదేటి?”

“సాలింది. మిగిలింది కూడాను.”

“అయితే కాలే సాల్లేదు,” అన్నాడు నాన్న.

కుడికాలిది నాన్న తనే తొడుక్కున్నాడు. ఎడమది అమ్మ కింద కూర్చుని తొడిగింది. వేళ్ళు ఉండాల్సిన చోట అల్లిక సరిగ్గా ఆనేలా సర్ది, మడమ దగ్గర ముడతలు లేకుండా లాగింది. వీధిలో ఎవరో గేదెల్ని తోలుకెళ్తున్నారు. నాన్న అటే చూస్తున్నాడు.

“ఎక్కిందా?” అని అడిగాడు కాసేపటికి.

“ఎక్కింది,” అంది అమ్మ.