కొడుకు జలుబు, తండ్రికి ఆవిరి

ఆ రోజుల్లో (మరీ రాజుల కాలం కాదు, మావాడు బోర్లా పడటం నేర్చుకుంటున్న రోజులు) మా ఇంట్లో పసివాడికి జలుబు చేస్తే కారణం కోసం ఎవరూ వెతికేవారు కాదు, నేరుగా తల్లి వైపు చూసేవారు. ఆమె చల్లనీళ్లు తాగింది, తలస్నానం చేసి పాలిచ్చింది, ఫ్యాన్ కింద పడుకోబెట్టింది. తండ్రి మీద మాత్రం ఒక్క ఆరోపణా ఉండదు. ఆ మర్యాదను నేనూ కాదనకుండా పుచ్చుకున్నవాణ్నే. నాది ఎయిర్‌పోర్టు కార్గోలో పని, మా ఆవిడది చెక్-ఇన్ కౌంటర్‌లో. శంషాబాద్‌లో, వాడకట్టంతా ఖాలా (పిన్ని) అని పిలిచే ఒకావిడ ఇంట్లో పై వాటా కిరాయికి తీసుకున్నాం. ప్రసూతి సెలవు ముగిసి ఆవిడ డ్యూటీకి బయలుదేరబోతుంటే, ఊరి నుంచి మా అమ్మ ఫోన్‌లోనే తీర్పు చెప్పేసింది. "పోతె పోనీ. గని పిలగానికి జర ముక్కు కారిందనుకో, ఇగ ఆ నౌకరి బంద్." మా ఆవిడ నా వైపు చూసింది. "నేనున్నాగా!" అన్నాను. ఆ మాటతో ఆవిడ ఇంకాస్త భయపడింది.

ఆవిడ డ్యూటీలో చేరిన వారానికే వాడికి ముక్కు కారింది. డాక్టరమ్మ చూసి, "మామూలు జలుబే. ముక్కు మూసుకుపోతే ఈ ఉప్పునీటి చుక్కలు వెయ్యండి, పాలు మాన్పించకండి, ఇంట్లో పొగ పెట్టకండి" అంది. మరునాడు నాకు ఆఫ్, ఆవిడకు డ్యూటీ. ఎంతెంత సరుకునో విమానం పొట్టలోకి ఎక్కించే నాకు, చింతగింజంత ముక్కులోకి ఒక్క చుక్క వేయడం చేతకాలేదు. ఒకటి చెంప మీద పడింది, ఇంకొకటి చెవిలోకి జారింది. చివరికి కింద నుంచి ఖాలా వచ్చి వాడి తల పట్టుకుంటే గాని పని కాలేదు. వాడు కాస్త ఊపిరి పీల్చుకుని నవ్వాడో లేదో, గేటు చప్పుడైంది. సొరకాయల సంచీతో మా అమ్మ! ముందు చెప్పి వచ్చే అలవాటు ఆమెకు ఎప్పుడూ లేదు.

ఆమె చెప్పులు విడుస్తుండగానే వాడు తుమ్మాడు. "ఎవరు తుమ్మింది?" అంది అమ్మ. నా కళ్ల ముందు మా ఆవిడ నౌకరి గాలిపటంలా తెగిపోతూ కనిపించింది. "నేనేనమ్మా!" అని ఇల్లదిరేలా ఇంకొకటి తుమ్మాను. ఖాలా ఒక్క క్షణం నన్ను చూసి, "హా అమ్మా, మీ కొడుక్కే. జలుబు మస్తు జోరుగ ఉంది" అంది. తర్వాత నా చెవి దగ్గర, "ఇంక జర గట్టిగ తుమ్ము బేటా, నమ్ముతలేదు ఆమె" అని గొణిగింది.

ఇక చూడండి నా వైభవం! పిల్లవాడి జలుబంటే తల్లి చేసిన తప్పు. మగవాడి జలుబంటే ఇంటిల్లిపాదీ చేసే సేవ. అమ్మ నన్ను మంచం మీద కూలేసింది. పెనం మీద వేడిచేసిన వాము మూటతో ఛాతీకి కాపడం పెట్టింది. పసుపు వేసిన మరిగే నీళ్ల గిన్నె ముందు కూర్చోబెట్టి దుప్పటి కప్పింది. మిరియాల కషాయం సరేసరి. "ఆవిడకు ఫోన్ చెయ్యనా?" అని దుప్పటిలోంచి పరీక్షగా అడిగాను. "నీ జలుబుకు ఆమె ఎందుకురా? నేను సచ్చిన్నా?" అంది. పిల్లవాణ్ని మాత్రం, "నీ అయ్య దగ్గరికి పోకు బిడ్డా, అంటుకుంటది" అంటూ సాయంత్రందాకా ఒళ్లోంచి దించలేదు. వాడు తుమ్మినప్పుడల్లా నేను దుప్పటి కింద తుమ్ముతూనే ఉన్నాను.

ఆవిడ డ్యూటీ దిగి వచ్చేసరికి నేను ఉడికిన చేమదుంపలా ఉన్నాను. "జలుబు ఎవరికి?" అంది గుమ్మంలోనే. "నీ మొగనికే. పిలగాడు మంచిగున్నడు" అంది అమ్మ. ఆవిడ కొడుకు ముక్కు చూసింది, నా మొహం చూసింది. "అయితే రేపు కూడా పోయొస్తా అత్తమ్మా. పిలగాడు మంచిగనే ఉన్నడు గద!" అంది. అమ్మ ఏదో అనబోయి, సొరకాయ తరగడానికి లేచింది.

ఆ ఘనకార్యాన్ని నా తెలివితేటల ఖాతాలో వేసుకుని ఇన్నేళ్లూ తిరిగాను. మా ఆవిడ ఇప్పుడు కౌంటర్లన్నీ చూసుకుంటోంది, మావాడు నా చెప్పులు వేసుకుంటున్నాడు. మొన్న నాకు నిజంగానే జలుబు చేస్తే అమ్మకు ఫోన్ చేశాను, కాస్త జాలి దొరుకుతుందేమోనని. "కోడలు డ్యూటీకి పోయిందా?" అంది. పోయిందన్నాను. "పోనీ. ఈసారన్న నిజమేనా నీ జలుబు?" అంది. "ఆ దినం పిలగాని ముక్కు తుడిసి తుడిసి నాన్పుకున్నది నా కొంగురా. నాకు తెల్వదా? పెండ్లాం నౌకరి కోసం నా కొడుకు ఎంత కషాయం తాగుతడో సూద్దామనుకున్న. ఉన్నదంత తాగితివి. ఇగ నేనేమంట?"

ఫోన్ పెట్టేసి, ఈసారి గిన్నె నేనే పొయ్యి మీద పెట్టుకున్నాను. దుప్పటి కప్పుకున్నాక, ఆ రోజు ఇల్లదిరేలా తుమ్మిన ఆ మహానటుణ్ని తలుచుకుని ఒక్కణ్నే నవ్వుకున్నాను. ముక్కూ కారింది, కళ్లూ కారాయి.