కైరుప్పలలో మొరాయించిన మా తెల్లగిత్త

ఆ రోజుల్లో మా ఆదోనిలో ఇంటి ముందు సొంత వ్యాను నిలబడి ఉందంటే ఆ ఇంటి పెళ్ళికొడుక్కు సగం సంబంధం కుదిరినట్టే. అబ్బాయి ఏం చదివాడని తర్వాత అడిగేవాళ్ళు, బండిలో ఎంతమంది పడతారని ముందు అడిగేవాళ్ళు. పత్తి మండీలో దలాలీ చేసే మా నాన్న నా పెళ్ళికి ముందే తెల్ల వ్యాను ఒకటి కొన్నాడు. మా అవ్వ దానికి పసుపు కుంకుమ పెట్టి ‘తెల్లగిత్త’ అని పేరు పెట్టింది. ఇరవై ఏళ్ళకు పైగా అది మా ఇంటిని మోసింది. అయినా మా చుట్టాలలో దానికి ఉన్న పేరు మాత్రం ‘నమ్మడానికి లేని బండి’. ఆ పేరు తెచ్చిపెట్టింది బండి కాదు, నేను. నోరులేని దాని మీద ఇన్నేళ్ళు నిందమోపి తిరిగినవాణ్ణి కాబట్టి, అది మా గడప దాటి వెళ్ళిపోయిన ఈ వారంలోనైనా ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా ధర్మం.

పెళ్ళయ్యాక వచ్చిన మొదటి ఉగాదికి నా భార్య తన పుట్టిల్లయిన కైరుప్పలకు వెళ్ళింది. పండగ చేసుకుని ఆమెను వెంటబెట్టుకుని రమ్మని మా వాళ్ళు నన్ను పంపారు. కొత్త అల్లుణ్ణి, చేతిలో వ్యాను తాళాలు, కళ్ళకు నల్లద్దాలు (అవి మా చిన్నాన్నవి, ముక్కు మీద నిలిచేవి కావు). అత్తగారు నన్ను పీట మీద కూర్చోబెట్టి కొత్త బట్టలు, వాటి పైన ఎర్రంచు తువాలు ఒకటి పెట్టింది. “ఎమ్మిగనూరులో మా అన్న సొంత మగ్గం మీద నీ కోసమే నేసినాడప్పా. జాగర్త” అంది. మామగారు పక్కన నిలబడి మీసం దువ్వుకుంటున్నాడు. ఆయన తక్కువ మాట్లాడతాడు. మాట్లాడనప్పుడే ఎక్కువ భయం వేసేది.

కైరుప్పల సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట. ఉగాది మరునాడు ఊరు ఊరంతా రెండు జట్లయి పిడకలతో కొట్టుకుంటుంది. పగా కక్షా ఏమీ ఉండవు, అది దేవుడి పండగ. గంపలకొద్దీ పిడకలు గాలిలో లేస్తాయి, ఆకాశం కనిపించదు, దెబ్బలు తగిలినవాళ్ళు విభూది రాసుకుని నవ్వుకుంటూ ఇంటికి పోతారు. ఆ మధ్యాహ్నం మా బావమరిది పరుగెత్తుకుంటూ వచ్చి “బావా, బండి ఈడ పెట్టినావేం? అద్దాలు పోతాయి, గడ్డివాము ఎనక పెట్టు” అన్నాడు. పెట్టాను. అంతటితో ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ ఆ రోజుల్లో నేను ఒక్కసారి కూడా బానెట్ ఎత్తకుండానే బండి మీద సర్వాధికారాలూ ఉన్నవాణ్ణి. ఇంత పేడదుమ్ము లేస్తే అది సైలెన్సర్ గొట్టంలోంచి ఇంజనులోకి దూరిపోదా అని నాకు ఒక గొప్ప అనుమానం వచ్చింది. (బండికి ముక్కు ఏదో, తోక ఏదో నాకు తెలియదని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.) చేతికి అందింది భుజం మీది తువాలే. తొట్టిలో ముంచి, పిండి, ఉండ చేసి, కర్ర పెట్టి గొట్టంలోకి బలంగా కుక్కాను. మా నాన్న చూస్తే మెచ్చుకునేవాడే అనుకుంటూ వెళ్ళి పిడకల మధ్య దూకాను. రెండో పిడకే చెవి మీద తగిలింది. దాంతో బండీ, తువాలూ అన్నీ మరిచిపోయాను.

మరునాడు ఉదయం సామాను ఎక్కించాం. నా భార్య ముందు సీట్లో కూర్చుంది. సెల్ఫ్ కొట్టాను. బండి దగ్గి, వణికి, ఆగిపోయింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అంతే. అరగంటలో సగం ఊరు బండి చుట్టూ చేరింది. “పెట్రోలు లేదేమో” అన్నాడొకడు. “పట్నం బండ్లు ఇంతేలే, మన ఎండకు తట్టుకోవు” అన్నాడింకొకడు. “ఎద్దులను కట్టండప్పా, లాగితే అదే వస్తాది” అని ఒక పెద్దాయన కాడి తీసుకురమ్మని మనిషిని కూడా పంపాడు. అత్తగారు దిష్టి తగిలిందని తేల్చి గుమ్మడికాయ తెచ్చింది. అప్పటిదాకా మాట్లాడని మామగారు నోరు తెరిచాడు. “బిడ్డా, నువ్వు దిగు. దావలో ఆగిపోయే బండిలో నిన్ను పంపేది లేదు. ఇంకో మంచి దినం సూసి నేనే తెచ్చి దింపుతాను” అన్నాడు. ఆమె దిగింది. నా గుండె కూడా దిగింది. కొత్త పెళ్ళాం లేకుండా, ఆగిపోయిన బండితో, ఎద్దుల వెనక ఆదోనిలోకి ఊరేగే నా రూపం నాకు కళ్ళకు కట్టింది. అందరి ముందూ స్టీరింగు మీద ఒక్కటి చరిచి “దరిద్రపు బండి! కొన్ననాటి నుంచీ ఇంతే” అన్నాను. (అబద్ధం. కొన్ననాటి నుంచీ ఒక్కరోజు ఆగలేదు.)

సరిగ్గా అప్పుడే అత్తగారు నా భుజం వైపు చూసి “అవునప్పా, మేము పెట్టిన తువాలు యాడ?” అంది.

తువాలు ఎక్కడుందో ఆ క్షణంలో గుర్తొచ్చింది. నిజం చెబితే ఎమ్మిగనూరు పెద్దాయన నేసి ఇచ్చిన తువాలును పొగగొట్టంలో కుక్కిన అల్లుడినవుతాను. చెప్పకపోతే పెళ్ళాం లేని అల్లుడినవుతాను. “పెట్టెలో భద్రంగా ఉందత్తా” అని, “ఉండండి, కింద ఏమైనా తెగిందేమో చూస్తాను” అంటూ వెనక్కి పోయి బోర్లా పడుకున్నాను. గొట్టంలోంచి ఎర్రంచు కొన ఒకటి బయటికి తొంగిచూస్తోంది. లాగాను, రాలేదు. చివరికి పళ్ళతో కూడా పట్టి లాగాను. వచ్చింది, మసితో సహా. దాన్ని చొక్కా లోపలికి దోపుకుని, లేచి సీటెక్కాను. అత్తగారు గుమ్మడికాయ కొట్టడం, నేను సెల్ఫ్ కొట్టడం ఒక్కసారే జరిగాయి. ఇంజను పిల్లిపిల్లలా గురగుర మొదలుపెట్టింది. “సూసినారా, దిష్టే!” అని అత్తగారు గట్టిగా నవ్వింది. మామగారు నా చొక్కా వంక, నల్లబడిన నా మూతి వంక నిదానంగా చూశాడు. “సరే. బండి కదిలింది కదా, నువ్వు పోప్పా. బిడ్డ బస్సులో వస్తాది” అన్నాడు.

ఆ ప్రయాణం పగవాడికి కూడా వద్దు. ముందు ప్రైవేటు బస్సు, కిటికీలో నా భార్య. వెనక ఖాళీ వ్యానులో నేను, ఆ బస్సు దుమ్ము తింటూ. ఆమె అప్పుడప్పుడూ వెనక్కి తిరిగి నేను ఇంకా వస్తున్నానా అని చూసేది. ఆస్పరి దాటాక ఆ బస్సే టైరు పంక్చరై రోడ్డు పక్కకు ఒరిగింది. నా సంతోషం నేను చెప్పకూడదు. నా భార్య దిగి కిటికీ దగ్గరికి వచ్చి “ఏమయ్యా, ఇది ఆదోని దాకా పోతాదా?” అంది. “పోతుంది” అన్నాను. ఆమె వెంట కోళ్ళగంపతో ఒక ముసలమ్మ, ఆమె మనవరాళ్ళు, ఎవరో తెలియని ముగ్గురు పెద్దమనుషులు ఎక్కారు. తెల్లగిత్త అందరినీ ఎక్కడా ఆగకుండా ఆదోనిలో దింపింది.

ఆ తర్వాత దాని చాకిరీ చెబితే పెద్ద పురాణం. పత్తి మూటలు మోసింది, పిల్లలను బడికి మోసింది, ఎమ్మిగనూరు జాతరకు దొడ్డికి పట్టేంత మందిని మోసింది. టైర్లు అరిగాయి, బ్యాటరీలు మారాయి, పక్క తలుపు సగంలో బిగుసుకుని మోకాలి దెబ్బ తింటే గానీ జరిగేది కాదు. కానీ దారిలో ఎన్నడూ నిలబెట్టలేదు. నేనేమో కైరుప్పల కథను నాకు అనుకూలంగా వాడుకున్నాను. పెళ్ళికి ఆలస్యమైతే బండి, మండీకి ఆలస్యమైతే బండి, అత్తవారింటికి పోవడానికి మనసు లేకపోతే బండి. “పాపం, ఆ బండితో ఎట్లా వేగుతాండావప్పా” అని జనం నా మీద జాలిపడేవాళ్ళు. మామగారు మాత్రం మా ఊరికి ఎప్పుడు వచ్చినా బస్సులో వచ్చి బస్సులో పోయేవాడు. ఒక్కసారి కూడా అందులో కాలు పెట్టలేదు.

మొన్న కౌతాళం నుంచి ఒక కుర్ర రైతు బండి కొనడానికి వచ్చాడు. కళ్ళ డాక్టరుకు చూపించుకోవడానికి వచ్చిన మామగారు మా వసారాలోనే కూర్చుని ఉన్నాడు. “అన్నా, దావలో మొరాయిస్తాదంట కదా? మా ఊర్లో గూడా అంటాండారు” అన్నాడు ఆ అబ్బాయి. వాడి ముఖంలో వెనక్కి పోయే ఆలోచన కనిపించింది. ఇతనూ పోతే తెల్లగిత్తకు మిగిలింది పాత ఇనుప సామాన్ల దుకాణమే. వాకిట్లో నిలబడ్డ దాన్ని ఒకసారి చూశాను. మామగారు వింటున్నాడని తెలిసి కూడా గొట్టం, తువాలు, పళ్ళతో లాగడం, అంతా చెప్పేశాను.

మామగారు తాపీగా అన్నాడు. “ఆ ఎర్రంచు కొన నాకు ఆ పొద్దే కనపడినాది లేప్పా.”

“మరి అప్పుడే అడగలేదేం మామా?”

“కొత్త అల్లునివి. అందరి ముందర ఏమని అడగాల?”

“తెలిసి కూడా మీ బిడ్డను నాతో పంపలేదే! అన్నేళ్ళు బండి కూడా ఎక్కలేదే!”

“బండి మీద నాకు ఏ అనుమానమూ లేదప్పా” అన్నాడాయన. “తోలేవాని మీదే.”

లోపల నా భార్య నవ్వు వినిపించింది. కౌతాళం అబ్బాయి కూడా నవ్వి, ధైర్యం చిక్కినవాడిలా తాళాలు అందుకుని ఒక్క సెల్ఫ్ కొట్టాడు. బండి లేచింది. అక్కడికక్కడే డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశాడు. అప్పుడు మామగారు చేతికర్ర తీసుకుని నిదానంగా లేచి, వ్యాను దగ్గరికి పోయి, పక్క తలుపును తానే మోకాలితో ఒక్కటి పొడిచి తెరిచాడు. “అబ్బీ, నన్ను బస్టాండు దాకా దింపుతావా?” అని ఆ అబ్బాయిని అడిగి, హాయిగా ఎక్కి కూర్చున్నాడు.

బండి వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. నా భార్య వచ్చి, ఇన్నేళ్ళూ తన పెట్టె అడుగున దాచి ఉంచిన ఆ ఎర్రంచు తువాలును నా భుజం మీద వేసింది. ఎన్ని ఉతుకులు ఉతికినా దాని మసి మరక పోలేదు. దూరం నుంచి ఇంజను చప్పుడు ఇంకా వినిపిస్తోంది, ఎక్కడా తడబడకుండా.