గొంతు లేవని గది

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళను నవ్వి నోరు మూయించిన మనిషిని నేను. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. భవానీపురంలో మేం అద్దెకున్న ఇంట్లో జరిగింది మాత్రం చెబుతాను.

తొంభైల చివర సంగతి. నాకప్పుడు కోపం ఎక్కువ. కూరలో ఉప్పు తగ్గినా వీధి వీధంతా వినేలా నా భార్య సుజాత మీద అరిచేవాణ్ణి. ఇలాగే ఉంటే అవనిగడ్డలో పుట్టింటికి వెళ్ళిపోతానని, మళ్ళీ రానని ఆమె తేల్చి చెప్పింది.

ఆ ఇంటి మధ్య గదిలో ఒక కిటికీ, ఒక మంచం, సున్నం వేసిన గోడలు. అంతే. అక్కడ మేం ఆగి మాట్లాడుకునేవాళ్ళం కాదు కాబట్టి, చేరిన చాలా రోజులకు, చేపలమ్మే నాంచారమ్మ వల్ల అక్కడి వింత బయటపడింది. ఆమె కేక వేస్తే వీధి చివరిదాకా వినపడేది. ఒకరోజు మంచినీళ్ళ కోసం లోపలికొచ్చి, ఆ గదిలో నిలబడి గుసగుసగా అడిగింది.

"ఎవరన్నా పడుకున్నారా అమ్మా?"

ఎవరూ లేరని సుజాత చెప్పింది. ఆమె కూడా గుసగుసగానే చెప్పింది. వసారాలోకి రాగానే నాంచారమ్మ గొంతు మామూలైపోయింది. "ఇంకా చేప కొననేలేదు, అప్పుడే గొంతులో ముల్లు దిగిందేంటమ్మా నీకు" అని నవ్వింది.

అప్పట్నుంచి గమనించాం. ఆ గదిలోకి ఎవరొచ్చినా గొంతు తగ్గేది. గోడల వల్లేమోనని టేప్ రికార్డర్ పెట్టి చూశాను. పాట బయట ఎంత గట్టిగా వినిపించిందో లోపలా అంతే. కిటికీ తీసినా, మంచం బయట వేసినా మా గొంతులు మాత్రం లేవలేదు. ఆ గదిలో ఎప్పుడూ ఏమీ జరగలేదండీ అన్నారు ఇంటి ఓనరుగారు. ఆ మాట ఆ గదిలోనే నిలబడి, మెల్లిగా అన్నారు.

సుజాత కారణం వెతకలేదు. నేను కేకలు మొదలుపెట్టగానే వెళ్ళి ఆ మంచం మీద కూర్చునేది. వెంటపడి వెళ్ళేవాణ్ణి. గుమ్మం దాటాక నా తిట్టు నాకే చిన్నగా వినపడేది. అంత చిన్నగా విన్నప్పుడు అదెంత నీచమైన మాటో తెలిసేది. ఆ రోజుల్లో ఆమె నాతో ఉండిపోయిందంటే అది నా మంచితనం కాదు.

తర్వాత ఓనరుగారు ఇల్లు ఖాళీ చేయమన్నారు. పటమటకు మారాం. సామాన్లు ఇంకా సర్దనేలేదు, గ్యాస్ అయిపోయిందని నేను అరిచాను. సుజాత లేచి ముందుగదిలోకి వెళ్ళింది. పడగ్గదిలోకి వెళ్ళింది. వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. ఎక్కడ కూర్చోవాలో ఆమెకు తెలియలేదు.

నేను నోరు మూసుకున్నాను. ఇక ఏ గదీ నా కోసం ఈ పని చేయదు, నేనే చేయాలని ఆ రోజు నిశ్చయించుకున్నాను. జారిన రోజులున్నాయి. మళ్ళీ పట్టు బిగించాను. సుజాత పుట్టింటికి వెళ్ళిపోలేదు.

కొన్నేళ్ళకు ఇద్దరం అటువైపు వెళితే ఆ ఇల్లు పడగొట్టి ఉంది. మధ్య గది ఉన్నచోట నిలబడి మేస్త్రీ కూలీలను కేకలేస్తున్నాడు. అతని గొంతు రోడ్డు మీదికి వినపడుతోంది. నేనూ ఇటుకల మీంచి దాటి అతని పక్కన నిలబడి, రోడ్డు మీదున్న సుజాతను పిలిచాను. ఆమెకు వినపడలేదు. మళ్ళీ గట్టిగా పిలవబోయాను. గుసగుసే వచ్చింది.

ఎందుకో ఈనాటికీ చెప్పలేను.