మైపాడు దారి బావులు

నేను బీఎస్సీ రెండో సంవత్సరంలో ఉండగా మా కాలేజీకి కెమిస్ట్రీ చెప్పడానికి ఒక కొత్త లెక్చరర్ వచ్చారు. వాల్తేరులో ఎమ్మెస్సీ ముగించి నేరుగా నెల్లూరులో దిగిన మనిషి. ఒకచోట నిలబడి పాఠం చెప్పడం ఆయన వల్ల అయ్యేది కాదు. కిటికీ దాకా వెళ్ళేవారు, తలుపు దాకా వచ్చేవారు, చెబుతున్న వాక్యాన్ని సగంలో వదిలి ఇంకో సంగతి ఎత్తుకునేవారు. అరవైల మొదటి ఏళ్ళవి. డిగ్రీ చదివే పిల్లలు పరిశోధన చెయ్యడమన్న మాట మేము విననే లేదు. ప్రాక్టికల్స్ అంటే జవాబు ముందే తెలిసిన పని. పై తరగతివాళ్ళ రికార్డు పక్కన పెట్టుకుని, అంకెలు వెనకనుంచి వేసుకుంటూ వస్తే సరిపోయేది.

ఒకరోజు ల్యాబులో ఆయన మా బల్ల దగ్గర ఆగి, "జవాబు ఎవరికీ తెలియని ప్రశ్న మీద ఎప్పుడైనా పనిచేశారా?" అని అడిగారు. మేము పక్కనున్న పాత రికార్డు మూసేశాం.

"ఇక్కణ్ణుంచి మైపాడు దాకా దారి పొడుగునా బావులున్నాయి. సముద్రం దగ్గరయ్యేకొద్దీ నీళ్ళలో ఉప్పు ఎంత పెరుగుతుంది? ఎండలు ముదిరితే ఎంత లోపలికి వస్తుంది? నాకూ తెలీదు. దీనికి మార్కులుండవు. చేసేవాళ్ళు చెప్పండి."

నలుగురం చేతులెత్తాం. మొదటిసారి బస్సు దిగి ఇసకలో నడిచాక ఇద్దరు మగపిల్లలు మానుకున్నారు. ఇంకో అబ్బాయి క్రికెట్టుకి పోయాడు. నేను మిగిలాను. చదువు మీద భక్తి కంటే నాకు ఆ వయసులో కుదురు లేకపోవడమే అందుకు కారణం అనుకుంటాను. ఇంట్లో కూర్చుంటే కాళ్ళు లాగేవి. చర్చిలో కూర్చుంటే కిటికీలోంచి రోడ్డు కనిపించేది. ఎక్కడో ఏదో జరుగుతున్నట్టూ, నేను తప్ప అందరూ అక్కడే ఉన్నట్టూ అనిపించేది.

మా నాన్న కోవూరులో ఎలిమెంటరీ స్కూలు మేష్టరు. నేను నెల్లూరులో మా పెద్దమ్మ ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. పెద్దమ్మ మిషన్లో బైబిలు ఉమన్‌గా పనిచేసేది. ఊళ్ళు తిరిగి ఆడవాళ్ళని కూర్చోబెట్టి వాక్యం చదివి, పాటలు నేర్పి, జబ్బుపడ్డవాళ్ళకి ప్రార్థన చేసి రావడం ఆమె ఉద్యోగం. మైపాడు దారిలో ఊళ్ళన్నీ ఆమెకి కొట్టినపిండి. "పెద్దమ్మ వెంట ఉంటే పో, లేకుంటే వద్దు" అన్నారు నాన్న. అట్లా మా ఇద్దరి పనీ ఒక సంచీలో పడింది. బైబిలు, పాటల పుస్తకం, కళ్ళజోడు, వాటి కింద నా సీసాలు.

"వాక్యం సంచీలో మందుసీసాలు మోస్తా ఉండా. ఊళ్ళో నన్ను కాంపౌండరనుకుంటారు" అనేది పెద్దమ్మ. అంటూనే మోసేది.

సీసాలో నీళ్ళు పట్టడానికి ఒక పద్ధతి ఉంది. ఏ బావి నీళ్ళు పట్టాలో ఆ నీళ్ళతోనే సీసాని మూడుసార్లు కడిగి పారబోసి, అప్పుడు నింపాలి. చాలా ఊళ్ళలో ఇది సులువుగానే జరిగిపోయింది. ఒక ఊళ్ళో మాత్రం కష్టమైంది. ఆ ఊళ్ళో పెద్దరైతు ఇంటి వెనక రాతికట్టు బావి ఉండేది. ఎద్దులతో కపిల మోట తోలి పొలానికి పారించుకునేవాళ్ళు, ఇంటికి తాగడానికీ ఆ నీళ్ళే. మేము ఆ బావి చేద ముట్టుకోకూడదు. రైతు భార్య తానే తోడి, మెట్టు మీద నిలబడి పైనుంచి పోసింది. నేను కింద సీసా పట్టుకున్నాను. కడిగి పారబోశాను. ఆమె మళ్ళీ పోసింది. మళ్ళీ పారబోశాను.

"ఏంది బైబిలమ్మా, పోసిన నీళ్ళు పోసినట్టే పారబోస్తా ఉండాదే ఈ పిల్ల. మా నీళ్ళు బాగలేవా ఏంది?" అన్నది పెద్దమ్మతో.

"బాగుండాయో లేదో చూసేదానికే వచ్చినాదమ్మా. కాలేజీ చదువు. మనకి తెలవదులే" అన్నది పెద్దమ్మ.

ఆమె నావైపు చూసి, మూడోసారి ఇంకాస్త నెమ్మదిగా పోసింది. సీసా నిండింది. నా మోచేతుల దాకా తడిసింది.

ల్యాబులో పని నాకు బాగా నచ్చింది. ఫ్లాస్కులో నీళ్ళకి పసుపురంగు మందు చుక్కలు కలిపి, పైనున్న గాజుగొట్టంలోంచి సిల్వర్ నైట్రేట్ ఒక్కొక్క చుక్కే వదలాలి. ఉప్పంతా అయిపోయిన క్షణాన పసుపు కాస్తా ఇటుకరంగుకి తిరుగుతుంది. ఎన్ని చుక్కలు పట్టాయో దాన్నిబట్టి ఉప్పు లెక్క. ఆ రంగు తిరిగే క్షణం కోసం ఊపిరి బిగబట్టేదాన్ని. సిల్వర్ నైట్రేట్ పడిన వేళ్ళు ఎండ తగిలితే నల్లబడతాయి, ఎంత తోమినా పోవు. కోవూరు వెళ్తే అమ్మ నా చేతులు చూసి, "ఆడపిల్ల చేతులేనా ఇవి" అని సున్నిపిండి పెట్టి రుద్దేది.

మొదటి నెలల్లో అంకెలు అనుకున్నట్టే వచ్చాయి. నెల్లూరు పక్కన తక్కువ, సముద్రం పక్కన ఎక్కువ. మే మొదట్లో నేను కోవూరులో ఉంటే సీసాలు పెద్దమ్మే నింపి తెచ్చింది. వాటిలో పెద్దరైతు బావి అంకె మాత్రం వేరేగా వచ్చింది. మైపాడులోని బావుల కంటే దానిలో ఉప్పు ఎక్కువ. తప్పు చేశాననుకున్నాను. మళ్ళీ చేశాను. అదే అంకె. సీసా మారిందేమోనని అనుమానం. గాజుగొట్టం కారుతుందేమోనని అనుమానం. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుంటే చుక్కలే కనపడేవి. సెలవుల్లో ల్యాబు తెరిపించుకుని వరసగా పనిచేస్తుంటే సిల్వర్ నైట్రేట్ అడుగంటింది. లెక్చరర్ సీసా ఎత్తి వెలుతురులో చూసి, "ఇక్కడే తిరుగుతూ ఉంటే ఏం తేలుతుంది? బావి దగ్గరికి పోయి చూడండి" అన్నారు.

మర్నాడే పెద్దమ్మని బయల్దేరదీశాను. ఆ ఊరు ఇంకా కనపడకముందే చప్పుడు వినిపించింది, ఆగకుండా టకటకమని. కపిల తీసేసి ఉంది. బావి మీద కొత్త ఆయిల్ ఇంజను, దాని గొట్టంలోంచి తొడ లావున నీళ్ళు కాలవలో పడుతున్నాయి. కిందటిసారి పెద్దమ్మ చూసిందట గానీ, నాకు చెప్పాలని తోచలేదట. పొలం పచ్చగా ఉంది. రైతు గట్టుమీద నిలబడి ఆ నీళ్ళనే చూస్తున్నాడు. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను అరుదుగా చూశాను.

ఆయన భార్య ఈసారి నన్ను చూడగానే చేద అందుకుంది. పోస్తూ, గొంతు తగ్గించి అడిగింది.

"ఏమ్మే, మా నీళ్ళల్లో ఏమన్నా తేడా ఉండాదా?"

"ఎందుకమ్మా?"

"పప్పు ఉడకతా లేదు. కట్టెలు తగలేస్తా ఉండానుగానీ బద్ద బద్దగానే ఉంటాది. నా చెయ్యే చెడిందంటాడు ఆయన."

ఉప్పు పెరిగిందని చెప్పాను. ఇంజను లాగుడుకి సముద్రపు నీళ్ళు కిందనుంచి వస్తున్నాయేమో అన్నాను. ఆమె ఇంజను వైపు చూసింది.

"ఆపేస్తే మళ్ళా బాగవుతాయా?"

"తెలీదమ్మా."

"చదువుకున్నదానివి గదా."

నేను సీసాకి మూత బిగించాను. బస్సులో పెద్దమ్మ నిద్రపోయింది. నేను మాత్రం సీటు చివర కూర్చుని, బస్సు కంటే ముందు నేనే ఊరు చేరాలన్నట్టు తోసుకుంటూ వచ్చాను.

లెక్చరర్ నా మాట విని గదంతా తిరిగారు. బోర్డు మీద సముద్రం, ఇసక, బావి గీసి, ఉప్పునీళ్ళు కిందనుంచి ఎట్లా ఎక్కి వస్తాయో బాణాలు వేసి చూపించారు. తరవాత చేతులు దులుపుకుని కూర్చున్నారు.

"ఇది మీరే రాయాలి. నాకు ఉత్తరాదిన ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల వెళ్తున్నాను."

"మరి నీళ్ళు, సార్?"

"మీరున్నారుగా" అన్నారు. ఆయన అబద్ధమాడలేదు. ఆయనకి నిజంగానే అది చాలనిపించింది. నాకు మాత్రం నడుస్తున్న బండిలోంచి దింపేసినట్టయింది.

మూడో సంవత్సరం వానలు వెనకపట్టాక, సైన్సు అసోసియేషన్ మీటింగులో నా గ్రాఫు గోడకి తగిలించి చదివాను. అయిపోగానే చప్పట్లు కొట్టి అందరూ టీ వైపు చూస్తుండగా, మా డిపార్టుమెంటు హెడ్డు లేచారు. నెమ్మదైన పెద్దమనిషి, క్లాసులో తప్ప మాట్లాడరు.

"అమ్మాయ్, వేసవిలో ఏ బావిలోనైనా ఉప్పు పెరుగుతుంది కదా. ఇంజను వల్లే అని ఎట్లా అంటావు? సముద్రానికి అంతే దూరంలో, ఇంజను లేని బావి చూశావా?"

"లేదు సార్."

"చూడు" అని కూర్చున్నారు.

ఆ రాత్రే మొదలైంది. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. పుస్తకం తెరిస్తే ఆ ప్రశ్నే. అంతే దూరంలో, ఇంజను లేని బావి. దారిలోని బావులన్నీ తలలోనే తిరిగి వచ్చాను. కొన్ని రోజుల తరవాత, పెద్దమ్మ కుండలోంచి నీళ్ళు ముంచుకుంటూ ఏదో చెబుతుంటే తట్టింది. ఆ పెద్దరైతు ఊరికి ఎడంగా ఒక పాలెం ఉంది. అక్కడున్నవాళ్ళంతా మా చర్చి సంఘంవాళ్ళే. పెద్దమ్మ వాక్యం చెప్పేది వాళ్ళకే. సముద్రానికి దూరం అంతే. చిన్న ఇసక బావి, కుండలతో తోడుకునేవాళ్ళు. వెళ్ళినప్పుడల్లా అక్కడ నీళ్ళు తాగేవాళ్ళం. అందుకే కాబోలు, అది నాకు ఎప్పుడూ ప్రశ్నగా తోచలేదు.

మార్చి ఎండలో వెళ్ళాం. పాలెంలో నేనే చేద వేసుకుని తోడుకున్నాను, నా ఇష్టమొచ్చినన్నిసార్లు సీసా కడుక్కున్నాను. పెద్దింట్లో ఎప్పటిలాగే ఆమె పోసింది. వానల్లో ఇంజను ఆపినప్పుడు నీళ్ళు కొంచెం తేరుకున్నాయట, మళ్ళీ తిప్పగానే చెడ్డాయట. ఆ సాయంత్రం ల్యాబులో రెండు ఫ్లాస్కులు పక్కపక్కన పెట్టాను. పాలెం నీళ్ళు నాలుగు చుక్కలకే ఇటుకరంగుకి తిరిగాయి. రెండోదానికి గాజుగొట్టం మళ్ళీ నింపుకోవాల్సి వచ్చింది. కుర్చీలో కూర్చోలేక ల్యాబు చుట్టూ తిరిగాను. చెప్పడానికి ఎవరూ లేరు. అటెండరుకి చెప్పాను. "మంచిదమ్మా, లైట్లు తీసేయమంటారా" అన్నాడు.

పరీక్షలు రాసి మళ్ళీ ఆ ఊరికి వెళ్ళాను, ఆమెకి చెప్పడానికే. రైతు అరుగుమీదే ఉన్నాడు. ఆయనకీ వినపడేట్టే చెప్పాను. ఇంజను వల్లే చెడ్డాయని చెప్పాను. ఆయన కోప్పడలేదు. "కపిలతో ఆ పైరు పండదమ్మాయ్. పడమటి చేలో ఇంకో బావి తవ్వతా ఉండాము. ఇంజను ఆడ పెడతాము" అన్నాడు. తాగడానికి పంటకాలవ నుంచి పీపాలతో బండిమీద తెప్పిస్తున్నారు. కాలవ చాలా దూరం.

"పాలెం బావి నీళ్ళు బాగున్నాయమ్మా. ఇక్కడికి దగ్గరే కదా" అన్నాను ఆమెతో.

ఆ మాట అన్నాకగానీ నాకు అర్థం కాలేదు, నేనేమన్నానో. అరుగుమీద ఆయన తువ్వాలు దులుపుకుని లోపలికి పోయాడు. ఆమె ఆయన పోయినవైపు చూసింది. తరవాత, "బాగుంటే మంచిదే. పిల్లోళ్ళు తాగతారు గదా ఆడ" అని, పెద్దమ్మకి మజ్జిగ తెస్తానని లేచింది. పైనుంచే పోసింది. పెద్దమ్మ దోసిట పట్టి తాగింది.

తిరిగి వస్తూ ఇసకదారిలో పెద్దమ్మని అడిగాను, "నేను అనకుండా ఉండాల్సిందా?"

"నిజమే గదా అన్నావు. నేను ముప్పైయేళ్ళుగా వాక్యం చెప్పతా ఉండా, నా మాట మాత్రం యాడ వింటారు. నడువు, బస్సొస్తాది" అన్నది.

నా వ్యాసం కాలేజీ మ్యాగజైనులో వచ్చింది. హెడ్డు స్వయంగా దిద్ది, పాలెం బావిని 'రెండవ బావి' అని మార్చారు. నేను అడ్డు చెప్పలేదు, ఒప్పుకోనూ లేదు. ఫలితాలు వచ్చాక మనుబోలు హైస్కూల్లో సైన్సు అసిస్టెంటుగా చేరాను. సముద్రం అక్కడికి దూరం. ఐనా వేసవి గాలి తూర్పునుంచి తిరిగిన మధ్యాహ్నాలు, పిల్లలు పరీక్ష రాస్తుంటే నేను గదిలో నిలవలేక వరండాలో నడిచేదాన్ని. పడమటి చేను బావి ఎట్లా ఉందో, అది ఎన్నాళ్ళు నిలుస్తుందో, ఎవరైనా చూశారో లేదో అనుకుంటూ.