నాయనమ్మ చోట మొలిచిన చెట్టు

మొన్న కాజీపేట స్టేషను బయట సీతాఫలాల గంప ముందు ఆగాను. అమ్మే ఆమె ఒక కాయను అరచేతిలో తిప్పి చూపిస్తూ, "కండ్లు దెరిసినయ్ సారూ, రేపటికి పండుతయ్" అంది. ఆ మాటతో మా నాయనమ్మ, ఆమె పెంచిన సీతాఫలం చెట్టు మనసులోకి వచ్చి కూర్చున్నాయి. ఆ చెట్టు మొలిచింది పెరట్లో కాదు, సమాధుల తోటలో.

తాత రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. నేను బడిలో ఉండగానే పోయాడు. మా చర్చి సమాధుల తోట అప్పటికే దాదాపు నిండిపోయింది. అయినా నాయనమ్మ ఫాదర్‌ను బతిమాలి, తాత పక్కనే తనకొక చోటు ఉంచుకుంది. ఆ ఏడు సమాధుల పండుగకు అందరూ సున్నాలు వేసి, బంతిపూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగించి వెళ్ళిపోయాక, ఆమె మాత్రం తాతకు ఇష్టమైన సీతాఫలాలు ముందు పెట్టుకుని, ఇంటి సంగతులన్నీ ఆయనకు చెబుతూ, గింజలు పక్కకు ఊస్తూ తింటూ కూర్చుంది. వానలు పడ్డాక ఒక గింజ మొలిచింది, అదీ సరిగ్గా ఆమె తనకోసం ఉంచుకున్న చోటనే. పీకేయడానికి ఆమెకు మనసొప్పలేదు. చెట్టు కాపుకొచ్చాక, ఆదివారం పూజ అయిన వెంటనే ఒడి నిండా కాయలతో వచ్చి పిల్లలకు పంచేది. మా మేనత్త మాత్రం ముట్టేది కాదు.

"సమాధులల్ల కాసినయ్ ఎట్ల తింటవే అమ్మా?"

"పెంటెరువేసిన వంకాయలు లొట్టలేసుకుంట తింటవ్, ఇవి తింటే ఏమాయెనే?"

కొన్నేళ్ళకు నాయనమ్మ గుండె బలహీనపడింది. దవాఖానలో ఇక ఆశ లేదన్నాక, మా చిన్నాయన నసుగుతూ చెట్టు మాట ఎత్తాడు. దాన్ని కొట్టేస్తే తప్ప ఆమెను తాత పక్కన పెట్టడం కుదరదు. అవి నేను హనుమకొండలో డిగ్రీ చదువుతూ, డిబేట్ పోటీల్లో ఏ అంశమిచ్చినా అటూ ఇటూ వాదించి కప్పులు తెస్తున్న రోజులు. పునరుత్థానానికి రుజువేమిటని ఫాదర్‌నే నిలదీసినవాణ్ణి. నాయనమ్మ మంచం పక్కన నిలబడి చిన్నాయన పక్షాన మాట్లాడాను: ఇంకో చెట్టును ఎక్కడైనా నాటవచ్చు, భర్త పక్కన చోటు మాత్రం ఒక్కటే ఉంటుంది, ఇన్నేళ్ళ కోరికను ఒక ఊసిన గింజకు బలిపెట్టడం న్యాయం కాదు.

ఆమె శ్రద్ధగా విన్నది. "మంచిగ మాట్లాడినవ్ బిడ్డా, కప్పు నీకే. గని చెట్టు కొట్టొద్దు."

"మరి నిన్నెక్కడ పెట్టాలె?" అన్నాడు చిన్నాయన.

"గోడ పక్కపొంటి జాగుంది గద. నలభై ఏండ్లు మీ నాయిన గురక ఇన్న, జర దూరముంటే నిద్రన్న పడ్తది."

అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వి, కాసేపటికి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ చోటు ఆమెకు చిన్న విషయం కాదు. "ఏడ్సుకుంట వోయిన జాగల దేవుడు నా ఒడి నింపి పంపిండు. దాన్ని నరికి నేను పండుకోవాల్నా? సమాధిల నుంచి మీ నాయినను లేపెటోడు, గోడ పక్కకున్న నన్ను దేవులాడుకోలేడా?"

నేను అడుగుతూ వచ్చిన రుజువును ఆమె చూపించలేదు. తాను నమ్మినదానికి తన చోటునే పందెం కట్టింది. అందుకు నేను ఆమెకు ఎప్పటికీ కృతజ్ఞుణ్ణి.

ఆ చలికాలంలోనే నాయనమ్మను గోడ పక్కన పెట్టాం. అప్పటినుంచి సమాధుల పండుగనాడు తాతకు కొవ్వొత్తి వెలిగించి, నాయనమ్మ దగ్గరికి తోటంతా దాటి నడుస్తాం. నడుమ ఎవరూ రాని సమాధులు చాలానే ఉన్నాయి. మొదటి ఏడు ఊరికే దాటిపోయాం. మరుసటి ఏడు మేనత్త ఆగి ఒకదాని ముందు కొవ్వొత్తి వెలిగించింది. ఇప్పుడు కట్టలకొద్దీ కొంటున్నాం. పేర్లు చెరిగిపోయిన ఆ మనుషులంతా మా వాళ్ళయ్యారు. కాలం మనవాళ్ళను మననుంచి దూరం చేస్తుందని ఒకప్పుడు వాదించేవాణ్ణి. ఆ దూరాన్ని అది ఖాళీగా ఉంచదని ఏటా ఆ దారిలో నడుస్తూ తెలుసుకుంటున్నాను.